ఒక్కసారిగా ఆపొచ్చా? మత్తు, మందులపై పాఠకుల ప్రశ్నలు

మద్యం, హాన్స్ పొగాకు, గంజాయి, నిద్రమాత్రల గురించి తిరుపతి, చిత్తూరు జిల్లాల పాఠకులు అడిగిన ప్రశ్నలకు మానసిక వైద్యులు, ఫార్మసిస్టులు కలిసి ఇస్తున్న జవాబులివి. అడిగినవారి పేర్లు తీసేశాం.

ప్రశ్న: మా ఆయనకు 46 ఏళ్లు. సాయంత్రం క్వార్టరుతో మొదలైంది, ఇప్పుడు పొద్దున లేస్తూనే కావాలి. పోయినేడు అయ్యప్ప మాల వేసుకుని ఒక్కరోజులో మానేశాడు. మూడోనాడు చేతులు వణికాయి, గోడ మీద పురుగులు పాకుతున్నాయని రాత్రంతా కేకలు. స్వామి కోపమని కొందరు, గాలి సోకిందని కొందరు అన్నారు. ఈసారీ మాల వేస్తానంటున్నాడు. వేయనివ్వమంటారా?
ఒక సోదరి, పలమనేరు

జవాబు: వేయనివ్వండమ్మా, కానీ ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అది స్వామి కోపమూ కాదు, గాలీ కాదు. ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఉన్నట్టుండి ఆపితే మెదడులో జరిగేది అదే.

మెదడును నెమ్మదింపజేసే రసాయనం గాబా, ఉరికించేది గ్లుటమేట్. మద్యం మొదటిదాని బలం పెంచుతుంది, రెండోదాన్ని అణుస్తుంది. రోజూ ఇలా జరిగితే మెదడు ఊరుకోదు. గాబాకు స్పందించడం తగ్గించుకుని, గ్లుటమేట్ వైపు బలం పెంచుకుని సర్దుకుంటుంది. తాడులాటలో అవతలివాళ్లు చటుక్కున వదిలేస్తే ఇవతలివాళ్లు వెల్లకిలా పడ్డట్టు, మద్యం ఒక్కసారిగా ఆగితే మెదడు అదుపు తప్పి ఉరకలేస్తుంది.

ఇది దాదాపు గంటల లెక్కన నడుస్తుంది. చివరిసారి తాగిన 6 నుంచి 12 గంటల్లో వణుకు, చెమట, వాంతి, గుండెదడ. మొదటి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. 48 నుంచి 96 గంటల మధ్య అసలు ప్రమాదం: జ్వరం, తికమక, లేనివి కనిపించడం, ఎక్కడున్నాడో తెలియకపోవడం. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ఒకసారి ఇలా వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. కాబట్టి మీ ఆయన ఇంట్లో ఉండి తనంతట తాను ఆపకూడదు.

మాలకు కనీసం పది రోజుల ముందు చూపించండి. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఇలాంటి చరిత్ర ఉన్నవారిని సాధారణంగా చేర్చుకునే వైద్యం చేస్తారు. క్లోర్‌డయాజిపాక్సైడ్ లాంటి మందును మొదటి రోజు ఎక్కువగా ఇచ్చి, 5–7 రోజుల్లో మెట్టుమెట్టుగా తగ్గిస్తూ ఆపేస్తారు. కాలేయం దెబ్బతిని ఉంటే దాని బదులు లోరాజిపామ్ వాడతారు. మోతాదు వణుకును, నాడిని, బీపీని చూసి వేసేది కాబట్టి పక్కింటాయనకు రాసిన చీటీ మీ ఆయనకు పనికిరాదు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. నీరసంగా ఉన్నాడని ఊళ్లో ముందుగా గ్లూకోజ్ బాటిల్ ఎక్కించేస్తారు. ఎక్కువకాలం తాగినవారి ఒంట్లో బి1 విటమిన్, అంటే థయమిన్, అడుగంటి ఉంటుంది. గ్లూకోజ్‌ను ఖర్చు చేయడానికి ఆ కాస్తా వాడుకైపోతే కళ్లు తిప్పలేకపోవడం, తూలడం, మతి తప్పడం మొదలవుతుంది. వెర్నికీ అనే ఈ జబ్బు ముదిరితే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోతుంది. అందుకే ముందు థయమిన్ ఇంజెక్షన్, ఆ తర్వాతే గ్లూకోజ్. బాటిల్ పెట్టబోతుంటే "బి1 ఇచ్చారా?" అని మీరే అడగండి, మొహమాటపడొద్దు.

మండల దీక్ష 41 రోజులు మీకు నిజంగా కలిసొస్తుంది. వైద్యంతో మొదటి వారం దాటితే ఒంటి బాధ చాలావరకు పోతుంది, నిద్ర మాత్రం కుదుటపడటానికి కొన్ని వారాలు పడుతుంది. మాల తీసిన రోజే కనిపెట్టుకుని ఉండాలి. తాగే అలవాటు తిరగబెట్టేది అప్పుడే. పైగా ఇన్నాళ్లు ఆపడంతో ఒంటికి ఓర్చుకునే శక్తి తగ్గి, పాత మోతాదే మనిషిని పడేస్తుంది. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులు తాగాలన్న యావను తగ్గిస్తాయి. మాల తీయకముందే వాటి గురించి డాక్టరుతో మాట్లాడి పెట్టుకోండి.

ప్రశ్న: సాంబార్లో కలిపి పెడితే తాగుడు మానిపించే మాత్ర ఉందట. మనిషికి తెలియకుండా ఇవ్వొచ్చంటున్నారు. మా అన్నకు ఇద్దామా?
ఒక చెల్లెలు, బంగారుపాళ్యం

జవాబు: వద్దు. అది డైసల్ఫిరామ్. మద్యాన్ని కాలేయం ముందు ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా, ఆ తర్వాత హాని లేని ఎసిటేట్‌గా మారుస్తుంది. ఈ మాత్ర రెండో పని జరగకుండా అడ్డుకుంటుంది. తాగిన కాసేపటికే విషం రక్తంలో పేరుకుని ముఖం ఎర్రబడుతుంది, తల పగిలిపోతుంది, వాంతులు, గుండెదడ, ఊపిరాడకపోవడం, బీపీ పడిపోవడం. గుండెజబ్బు ఉన్నవారు చనిపోవచ్చు. ఆఖరి మాత్ర వేసుకున్నాక రెండు వారాల వరకూ ఈ ప్రభావం ఉంటుంది.

మాత్ర వేసుకుంటున్నానని తెలిసిన మనిషి తాగడానికి భయపడతాడు. అది పనిచేసేదే ఆ భయంతో. తెలియని మనిషి ఎప్పటిలాగే రెండు పెగ్గులు వేసి కుప్పకూలతాడు, ఆసుపత్రిలో డాక్టరుకు కూడా కారణం అంతుబట్టదు. మీ అన్న ఒప్పుకుని, గుండె, కాలేయ పరీక్షలయ్యాక, చివరిసారి తాగి కనీసం 12 గంటలు గడిచాక డాక్టరు మొదలుపెట్టాల్సిన మందిది. అప్పుడు కూడా మద్యం కలిసే దగ్గు టానిక్కులు, ఆసవ అరిష్టాలు, కొన్ని మౌత్‌వాష్‌లు మానుకోవాలి. మీకు సాయం కావాలంటే 14446కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వపు ఉచిత డీఅడిక్షన్ హెల్ప్‌లైన్, అన్న రాకపోయినా మీరు ఒక్కరే మాట్లాడొచ్చు.

ప్రశ్న: నేను కొండకు టాక్సీ నడుపుతాను. రాత్రి 11కు ఒక క్వార్టర్ వేసి పడుకుంటే తెల్లారి 5కు బండెక్కొచ్చు కదా? నిమ్మరసం తాగి, తలస్నానం చేస్తే దిగిపోతుందంటారు.
ఒక డ్రైవర్, తిరుపతి

జవాబు: లెక్క చూడండి. 180 మి.లీ. సీసాలో 42.8 శాతం ఆల్కహాల్. అంటే 77 మి.లీ., తూకంలో 61 గ్రాములు. కాలేయం గంటకు అటూఇటుగా 7 గ్రాములు కరిగిస్తుంది. ఆరు గంటల్లో 42 పోయినా 19 గ్రాములు ఒంట్లోనే ఉంటాయి. 65 కిలోల మగమనిషికి అది 100 మి.లీ. రక్తంలో 40 మి.గ్రా. పైమాటే. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ఒప్పుకునేది 30 మి.గ్రా. వరకే. నిద్ర లేచి, మొహం కడిగి, మత్తు లేదనుకుని ఘాట్ ఎక్కే మీరు చట్టం ప్రకారం తాగి నడుపుతున్నట్టే. నిమ్మరసం, కాఫీ, చన్నీళ్లు ఏవీ కాలేయాన్ని తొందరపెట్టలేవు. క్వార్టర్ పూర్తిగా దిగాలంటే 9 గంటలు వదలండి.

బీరు తేలికనుకునేవారికి కూడా ఒక లెక్క. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసాలో 41 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 30 మి.లీ. పెగ్గులు నాలుగు వేసినదానికి సమానం.

ప్రశ్న: పన్నెండేళ్లుగా పెదవి కింద హాన్స్ పెడుతున్నాను, మధ్యలో వక్కపొడి, గుట్కా. ఇప్పుడు కారం తగిలితే నోరు మండిపోతోంది, సంగటి ముద్ద పట్టేంత నోరు తెరుచుకోవడం లేదు. శ్రీవారి సేవకు వెళ్లి ఏడు రోజులు కొండ మీద ముట్టలేదు, కిందికి రాగానే మళ్లీ మొదలు.
ఒక పాఠకుడు, దామలచెరువు

జవాబు: ముందు అద్దం ముందు నిలబడి చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లు మూడూ నిలువుగా పళ్ల మధ్య పెట్టి చూడండి. మూడు పడితే మామూలు. రెండే పడితే బుగ్గల లోపలి పొర గట్టిపడి తాళ్లలా బిగుసుకుంటోందని అర్థం. సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. దీనికి ముఖ్య కారణం పొగాకు కన్నా వక్క. వక్కలోని అరెకొలిన్ వల్ల అక్కడ కొల్లాజెన్ అనే నారపదార్థం పేరుకుపోతుంది. పొగాకు లేని వక్క కూడా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం 2004లోనే తేల్చింది. కాబట్టి "ఒట్టి వక్కపొడేగా" అనుకోవద్దు. కారం మంట, నోరు తెరుచుకోకపోవడం రెండూ ఉన్నాయి గనుక ఈ వారంలోనే దంతవైద్యుడికి చూపించండి. రెండు మూడు వారాలైనా మానని పుండు గానీ, ఎర్రమచ్చ గానీ ఉంటే ముక్క తీసి పరీక్ష చేయించాలి.

ఇంత గట్టిగా పట్టేస్తుందెందుకంటే ఆ పొట్లంలో సున్నం ఉంటుంది. సున్నం తగలగానే నికోటిన్ పొర దాటి రక్తంలోకి సులువుగా చేరే రూపంలోకి మారుతుంది. నికోటిన్ మెదడులో డోపమైన్ పెంచి క్షణాల్లో హుషారు ఇస్తుంది. కానీ రెండు గంటల్లో దాని మట్టం సగానికి పడిపోతుంది, చెయ్యి మళ్లీ జేబులోకి పోతుంది.

హాన్స్‌ను ఒక్కసారిగా ఆపడంలో ప్రాణాపాయం లేదు, మద్యంలా కాదిది. చిరాకు, ఆకలి, నిద్రలేమి, మనసు నిలవకపోవడం రెండు మూడు రోజుల్లో శిఖరానికి చేరి, 2–4 వారాల్లో సద్దుమణుగుతాయి. అంటే అందులో కష్టమైన భాగాన్ని మీరు కొండ మీదే దాటేశారు. మిమ్మల్ని లాగింది ఒంటి బాధ కాదు. మండీ, టీ బంకు, అదే స్నేహితులు, అన్నం తిన్న వెంటనే వెతుక్కునే చెయ్యి. మళ్లీ సేవకు వెళ్లినప్పుడు దిగేముందే పథకం వేసుకోండి. ఇంట్లో, బండిలో ఒక్క పొట్లం కూడా లేకుండా చూడాలి, తిన్న వెంటనే నోట్లో వేసుకోవడానికి సోంపు ఉండాలి, మొదటి పది రోజులు టీ బంకు మార్చాలి.

నికోటిన్ గమ్ 2 మి.గ్రా. మందుల షాపులో దొరుకుతుంది. చాలామంది దాన్ని బబుల్‌గమ్‌లా చపచపా నమిలి, ఉమ్ము మింగి, ఎక్కిళ్లు, కడుపుమంట వచ్చాయని పారేస్తారు. నికోటిన్ చేరాల్సింది బుగ్గ నుంచి, కడుపు నుంచి కాదు. నిదానంగా పది పదిహేనుసార్లు నమలండి, మిరియం ఘాటు తగలగానే చిగురుకూ బుగ్గకూ మధ్య దోపి ఆపండి, ఘాటు పోయాక మళ్లీ నమలండి. ఇలా అరగంట. దానికి 15 నిమిషాల ముందు నుంచి కాఫీ, పుల్లటి రసాలు తాగొద్దు. నోట్లో పులుపు ఉంటే నికోటిన్ ఎక్కదు. లేచిన అరగంటలోపే పొగాకు పెట్టుకునేవారికి 4 మి.గ్రా. అవసరం కావచ్చు, అది డాక్టరు చీటీతో తీసుకోండి. మీకు నోరు తెరుచుకోవడమే కష్టం గనుక గమ్ కన్నా చర్మానికి అంటించే ప్యాచ్ నయం, అదీ డాక్టరును అడిగి. మాట సాయానికి 1800-11-2356 ఉంది, పొగాకు మానేవారి కోసం ఉచితంగా నడిచే జాతీయ క్విట్‌లైన్ అది.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ మూడో ఏడు, హాస్టల్లో ఉంటాడు. గంజాయి తాగుతున్నాడని తెలిసింది. "ఆకే కదమ్మా, అలవాటు కాదు" అంటాడు. నెలగా రాత్రుళ్లు నిద్రపోడు, పక్కగది వాళ్లు తన ఫోన్ వింటున్నారంటాడు. ఆన్‌లైన్లో టెస్ట్ కిట్ తెప్పించమంటారా? పోలీసులకు తెలిస్తే?
ఒక తల్లి, చిత్తూరు

జవాబు: మీ ఉత్తరంలో మమ్మల్ని కలవరపెట్టింది గంజాయి మాట కాదమ్మా, ఫోన్ వింటున్నారన్న మాట. కిట్ సంగతి తర్వాత. ఈ వారంలోనే మానసిక వైద్యుడికి చూపించండి.

గంజాయిలో పనిచేసేది టీహెచ్‌సీ. జ్ఞాపకం, కాలస్పృహ, భయం, ఆకలి నడిపే మెదడు భాగాల్లోని కన్నాబినాయిడ్ గ్రాహకాలకు అది అతుక్కుంటుంది. పొగ తాగితే నిమిషాల్లో ఎక్కి రెండు నుంచి నాలుగు గంటలుంటుంది. కళ్లు ఎర్రబడతాయి, గుండె వేగంగా కొట్టుకుంటుంది, గంట గడిచినా పది నిమిషాలనిపిస్తుంది. కొందరికి నవ్వు, కొందరికి అకారణ భయం. చాక్లెట్, భంగు రూపంలో తింటే ఎక్కడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఎక్కలేదనుకుని రెండోది తినేవాళ్లే ఎక్కువ ఇబ్బందుల్లో పడతారు, తర్వాత రెండూ కలిసి గంటల తరబడి వదలవు.

ఎదిగే మెదడు దాదాపు 25 ఏళ్ల దాకా తయారవుతూనే ఉంటుంది. చిన్న వయసులో మొదలుపెట్టి, తరచుగా, ఘాటైన సరుకు తాగేవారిలో సైకోసిస్, అంటే అనుమానాలు, లేని గొంతులు వినిపించడం, వచ్చే ముప్పు పెరుగుతుంది. ఇంట్లో ఎవరికైనా స్కిజోఫ్రీనియా ఉంటే ఆ ముప్పు ఇంకా ఎక్కువ. అలాంటివారు మీ రెండు కుటుంబాల్లో ఉన్నారేమో గుర్తు చేసుకుని డాక్టరుకు చెప్పండి. తొందరగా వైద్యం మొదలైతే కోలుకునే అవకాశం బాగా ఉంటుంది.

అలవాటు కాదన్నది నిజం కాదు. వాడినవారిలో సుమారు పదిమందిలో ఒకరికి వదల్లేని అలవాటవుతుంది, ఇరవై లోపే మొదలుపెట్టినవారిలో ఆరుగురిలో ఒకరికి. చాలామంది సిగరెట్ పొగాకుతో కలిపి తాగుతారు కాబట్టి నికోటిన్ కూడా పట్టుకుంటుంది. గంజాయి ఒక్కసారిగా ఆపొచ్చు, ఫిట్స్ రావు. మొదటి వారం చిరాకు, నిద్రలేమి, ఆకలి లేకపోవడం, పీడకలలు గట్టిగా ఉండి, రెండు వారాలకు తగ్గుముఖం పడతాయి. ఆ రోజుల్లో ఇంటికి తీసుకొచ్చుకోండి. అనుమానాలు మాత్రం ఆపినా వాటంతటవి పోతాయని ఎదురుచూడొద్దు.

కిట్ చెప్పేది తక్కువ. టీహెచ్‌సీ కొవ్వులో నిల్వ ఉండి మెల్లగా బయటికొస్తుంది. ఒక్కసారి తాగితే మూడు రోజులు, రోజూ తాగేవారికి నెల దాకా మూత్రంలో కనిపిస్తుంది. మానేసి మూడు వారాలైన పిల్లవాడిని కూడా కిట్ దోషిగా చూపించవచ్చు. దొంగచాటు పరీక్షతో నమ్మకం పోతే డాక్టరు దగ్గరికి రానే రాడు. "నిద్ర పట్టడం లేదు కదా, దానికి చూపించుకుందాం రా" అని అడగండి, సాధారణంగా దానికి ఒప్పుకుంటారు.

పోలీసుల సంగతి. మాదకద్రవ్యాలను అరికట్టే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద గంజాయి వాడటం నేరమే, ఆరు నెలల దాకా జైలు లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, రెండూ పడవచ్చు. దగ్గర పెట్టుకోవడం, అమ్మడం వేరే నేరాలు. స్నేహితుల కోసం తెచ్చి పంచడం కూడా వాడకం కిందికి రాదని పిల్లవాడికి తెలియాలి. అయితే అదే చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది. అలవాటుపడిన మనిషి స్వచ్ఛందంగా గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు వచ్చి పూర్తి చేస్తే, వాడకం, చిన్న మోతాదు కేసుల్లో విచారణ నుంచి రక్షణ దొరుకుతుంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచాల్సింది డాక్టరే. చికిత్సకు భయపడొద్దు. రాత్రిపూట ఎవరితోనైనా మాట్లాడాలంటే టెలిమానస్ 14416లో తెలుగులోనే మాట్లాడతారు.

ప్రశ్న: నాన్న పోయినప్పటి నుంచి అమ్మ రోజూ అల్ప్రాజోలామ్ 0.5 వేసుకుంటోంది. నాలుగేళ్లయింది. ఆమెకు 68. మొన్న రాత్రి బాత్రూమ్‌కు వెళ్తూ పడింది. మాత్ర ఆపేయమన్నాను, రెండు రోజులు ఆపితే వణికిపోయింది.
ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: మళ్లీ ఒక్కసారిగా ఆపకండి. ఇది కూడా మద్యంలాగే గాబా మీద పనిచేసేదే, చటుక్కున ఆపితే ఫిట్స్ రావచ్చు. కల్లులో ఇలాంటి మందులు కలిపి అమ్మిన ఊళ్లలో కల్లు దొరకని రోజు జనం పిచ్చిగా ప్రవర్తించడానికి, మూర్ఛ రావడానికి ఇదే కారణం.

అమ్మకు రాసిన డాక్టరుతో మాట్లాడి మెట్లు వేసుకోండి. ఒక పద్ధతి: 0.25 మాత్రలు తెచ్చుకుని, మొదటి రెండు వారాలు ఒకటిన్నర, తర్వాతి రెండు వారాలు ఒకటి, ఆపైన అర. చివరి అర దగ్గరే ఎక్కువమందికి కష్టం, అక్కడ నెల పట్టినా ఫర్వాలేదు. ఏ మెట్టులోనైనా వణుకు, కంగారు పెరిగితే అక్కడే ఆగాలి, వెనక్కి పెంచాల్సిన పని సాధారణంగా ఉండదు. కొందరికి డాక్టర్లు నిదానంగా కరిగే డయాజిపామ్‌కు మార్చి తగ్గిస్తారు. స్ట్రిప్పు మీద ఎస్.ఆర్. అని ఉంటే, అంటే మందు మెల్లగా విడుదలయ్యే రకమైతే, ఆ మాత్ర విరవకూడదు.

ఈ వయసులో మందు ఒంట్లోంచి మెల్లగా పోతుంది, కాళ్లు పట్టు తప్పుతాయి, మతిమరుపు వచ్చినట్టుంటుంది. బాత్రూమ్ దారిలో రాత్రంతా చిన్న లైటు వెలిగించి ఉంచండి. అసలు బాధ నాన్న పోయిన దిగులైతే దానికి వేరే వైద్యం ఉంది, నిద్రమాత్ర దానికి మందు కాదు. ఇది షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ లేకుండా ఇచ్చే షాపు మీకు మేలు చేస్తున్నట్టు కాదు.

ప్రశ్న: పరీక్షలకు రోజుకు ఎన్ని కాఫీలు తాగొచ్చు?
ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం కెఫీన్ రోజుకు 300 మి.గ్రా. మించకూడదు. 150 మి.లీ. డికాక్షన్ కాఫీలో 80–120, ఇన్‌స్టంట్‌లో 50–65, టీలో 30–65 ఉంటుంది. ఫిల్టర్ కాఫీ అయితే రెండు, మహా అయితే మూడు. కెఫీన్ సగం తగ్గడానికి 5 గంటలు పడుతుంది, సాయంత్రం 6 కాఫీలో సగం రాత్రి 11కు ఇంకా పనిచేస్తుంటుంది. భోజనానికి గంట ముందు, గంట తర్వాత వద్దు. అందులోని టానిన్లు ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు, ఆడపిల్లలకు ఇది ముఖ్యం.

ప్రశ్న: హాస్టల్లో కొందరు ట్రమడాల్ మాత్రలు, కోడిన్ ఉన్న దగ్గు మందు కలిపి వేస్తున్నారు. ఒకడు పడిపోతే ఏం చేయాలి?
ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: రెండూ నల్లమందు వర్గం తరహా మందులే, రెండూ ఊపిరిని నెమ్మదింపజేస్తాయి. మద్యం, నిద్రమాత్ర కూడా తోడైతే ఊపిరి ఆగిపోతుంది. చావులు ఎక్కువగా ఈ కలపడం వల్లే. ట్రమడాల్ రోజుకు 400 మి.గ్రా. దాటితే ఫిట్స్ కూడా రావచ్చు. కోడిన్ అందరికీ ఒకేలా పనిచేయదు. కాలేయం దాన్ని మార్ఫిన్‌గా మారుస్తుంది, పుట్టుకతోనే కొందరిలో ఆ మార్పు చాలా వేగం. పక్కవాడికి ఏమీ కాని మోతాదు వాళ్లను పడేస్తుంది.

భుజం గట్టిగా తట్టి పిలవండి. లేవకపోతే, కంటిపాపలు గుండుసూది తలంత అయితే, పెదవులు నీలంగా ఉంటే, గురక పెడుతూ నిమిషానికి ఎనిమిది పదిసార్లకు మించి ఊపిరి లేకపోతే వెంటనే 108. అందేలోపు ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి, పై మోకాలు ముందుకు మడిచి, తల కాస్త వెనక్కి వంచి. వెల్లకిలా ఉంటే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊపిరి పూర్తిగా ఆగితే ఛాతీ మధ్య గట్టిగా నొక్కడం మొదలుపెట్టండి, నిమిషానికి 100–120 సార్లు. నిమ్మరసం, మజ్జిగ పోయొద్దు, వాంతి చేయించొద్దు, నీళ్లలో ముంచొద్దు, "నిద్రపోనీ, పొద్దునకు తేరుకుంటాడు" అని వదిలేయొద్దు. ఆసుపత్రిలో నాలోక్సోన్ ఇంజెక్షన్ ఇస్తారు, ఊపిరి నిమిషాల్లో తిరిగొస్తుంది. కానీ దాని ప్రభావం మింగిన మందుకన్నా ముందే అయిపోవచ్చు కాబట్టి లేచి కూర్చున్నా వెంటనే వెనక్కి తీసుకురాకూడదు. ఖాళీ స్ట్రిప్పు, సీసా వెంట పట్టుకెళ్లి, ఏది, ఎన్ని, ఎన్నింటికి మింగాడో దాచకుండా డాక్టరుకు చెప్పండి.